హిందీలో కూడా అదే మాట

దూడ నాలుగు గుక్కలు తాగాక దాన్ని పక్కకు లాగి గుంజకు కట్టి, చిన్నమ్మి గేదె పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడిగింది. వేళ్లకు ఆముదం రాసుకుని, చెంబును మోకాళ్ల మధ్య బిగించింది. మొదటి ధార చెంబు అడుగున జుయ్యిమనేసరికి పంచాయతీ ఆఫీసు మీద మైకు కూడా మోగింది.

ముందు పాట. తర్వాత దేశాన్ని ఏలే పెద్దాయన గొంతు. ఆ తర్వాత సచివ్ గొంతు. పంచాయతీ సెక్రటరీని ఊళ్లో అందరూ సచివ్ అనే అంటారు. “వికాసానికి అడ్డుపడేవాళ్లు ఊరికి శత్రువులు. అలాంటి మాటలు ఎవరి నోట విన్నా వెంటనే తెలియజేయండి.” రోజూ ఇదే. మొదట్లో జనం పని ఆపి వినేవారు. ఇప్పుడు ఆ మోత ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకుని ఉంటారు. మైకు మాట్లాడుతున్నంతసేపే ఆడవాళ్లు పెరటి గోడల మీంచి మాట్లాడుకుంటారు. అది మోగుతుంటే ఎవరి మాటా బయటికి వినపడదు. అది ఆగితే అందరూ ఆగిపోతారు.

ఆ ఉదయం గోడ అవతల ఫుల్‌బాసన్ లేదు. మొగుడికి అన్నం పట్టుకుని ఠాణాకు వెళ్లింది.

ఆమె మొగుడు దుకాలూ ఊరి పశువుల కాపరి. పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి అతనొక కేక వేస్తే, తాళ్లు విప్పడమే ఆలస్యం, ఇంటింటి నుంచీ గొడ్లు బయటికొచ్చేవి. ఇప్పుడు ఆ కేక లేదు. వేళ మాత్రం గొడ్లకు తెలుసు. ఊరంతా గుంజల దగ్గరే నిలబడి అరుస్తున్నాయి. చుట్టూ వరి పాలు పోసుకుంటోంది. ఈ కాలంలో పశువును వదలడానికి రైలుకట్ట పక్కనున్న చరాగాన్ తప్ప వేరే చోటు లేదు. అది ఊరుమ్మడి మేతబీడు. ఇప్పుడు దాన్ని ఏదో కంపెనీకి బొగ్గు పోసుకోవడానికి ఇచ్చేశారు. మట్టి తవ్వే మిషను వచ్చిన రోజు దుకాలూ దాని ముందు పడుకున్నాడు. లాఠీలతో లేపి జీపులో వేసుకుపోయారు.

ఆ వార్డుకు పంచ్, అంటే మెంబరు, చిన్నమ్మే. మర్నాడు పై ఆఫీసులో బీడు గురించి అర్జీ పెట్టింది. మిగతా పంచ్‌లెవరూ సంతకం పెట్టలేదు. మొగుడు సూర్యం పోయాక నేర్చుకున్న తెలుగు అక్షరాలతో ఆమె ఒక్కతే పెట్టింది. అక్కడి గుమస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇదేం భాష?” అన్నాడు. “నా పేరు” అంది చిన్నమ్మి. అర్జీ తేలేదాకా మిషను ఆపమన్నారు. అది బీడు అంచున టార్పాలిన్ కప్పుకుని కూచుంది.

పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. సచివ్ దిగలేదు. చొక్కా జేబులో మొబైలు కన్ను బయటికి వచ్చేలా పెట్టుకున్నాడు.

“చిన్మీ బాయీ, నీకెందుకు ఈ తలనొప్పి? రాజీనామా ఇచ్చెయ్” అన్నాడు హిందీలో. ఊళ్లో ఎవరికీ ఆమె పేరు నోరు తిరగదు. “ఎల్లుండి గ్రామసభ. పై నుంచి సాహెబ్ వస్తారు. అందరి ముందు లేచి ఒక్క మాట చెప్పు, చాలు. సాయంత్రానికి దుకాలూ ఇంట్లో ఉంటాడు.”

“ఇవ్వకపోతే?”

“ఇవ్వకపోతే ఏముంది? అక్కడే ఉంటాడు.” బండి అద్దం మీద మట్టి చుక్కను బొటనవేలితో తుడిచాడు. “ఆడవాళ్ల సీటు, నిలబడేవాళ్లు లేరంటే నిన్ను నిలబెట్టింది ఎవరు? మేమే కదా. నోరులేని తెలుగు మనిషివని పెట్టాం. నీకు నోరొచ్చింది.” నవ్వాడు. “మీ అబ్బాయి శివాజీ, రైల్వే షెడ్డులో కాంట్రాక్టు మీద ఉన్నాడు కదా? మంచి కుర్రాడని విన్నాను.”

ఇన్నాళ్లలో అతను ఆమె కొడుకు పేరు ఎత్తడం అదే మొదలు. బండి వెళ్లిపోయాక కూడా చిన్నమ్మి ఆ పొగలోనే నిలబడింది. పాలు పొంగి పొయ్యిలో పడిన వాసన వస్తే లోపలికి పరుగెత్తింది.

నిప్పు మీద నీళ్లు చిలకరిస్తూ ఆలోచించింది. వాళ్లకు కావలసింది కుర్చీ. వాళ్లిచ్చిందే, వాళ్లే అడుగుతున్నారు. ఇచ్చేస్తే దుకాలూ వస్తాడు. అర్జీ మీద పేరు తనది, పంచ్‌ది కాదు. కుర్చీ పోతే పేరు పోతుందా?

*

తెల్లారి తోడుకున్న పెరుగు కుండల మూతులకు గుడ్డలు కట్టి, గంపలో గడ్డి కుదుళ్ల మీద కుదురుగా పెట్టి, బిల్హా స్టేషన్లో పట్నం వెళ్లే లోకల్ రైలెక్కింది. తలుపు పక్క గంప దించుకుని కాలు అడ్డం పెట్టుకుంది. ఎదుటి బెంచీ మీద ఒకాయన ధరల గురించి ఏదో మొదలుపెట్టి, పెట్టెలో అటూ ఇటూ చూసి, “ఈసారి వానలు బాగున్నాయి” అని ముగించాడు. పక్కాయన వానలు బాగున్నాయని ఒప్పుకున్నాడు.

రైల్వే కాలనీలో ఆఖరి వాడిక త్రినాథరావుగారి ఇల్లు. గార్డుగా రిటైరయ్యాడు. కాలనీలో తెలుగువాళ్ల సమితి పెట్టిన కొత్తలో ఆయనే కార్యదర్శి. ఆయన భార్య నీలవేణి గిన్నె తెచ్చి, గరిట నిలబడేలా ఉన్న పెరుగును చూసి తల ఊపింది.

“ఏటే చిన్నమ్మీ, ముఖం అలాగుంది? జొరమేటి?”

చిన్నమ్మి గుమ్మం దగ్గర చతికిలపడి సంగతంతా చెప్పింది. త్రినాథరావు పేపరు మడిచి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఇచ్చీయ్! నిక్షేపంగా ఇచ్చీయ్. రాజీనామా అంటే ఓడిపోవడం కాదు తెల్సినా? ఛీ, నీ కుర్చీ నాకొద్దు, అని మొహం మీద కొట్టడం. మన సమితికి నాను ఎన్నిసార్లు రాజీనామా ఇచ్చినానో నీకు తెల్దు.”

“ఇచ్చినన్నిసార్లూ టీలు వచ్చేసరికి వెనక్కి తీసీసుకున్నారు,” అంది నీలవేణి లోపల్నుంచి.

“నువ్వుండవే. చూడు చిన్నమ్మీ, గొణిగితే కుదర్దు. లేచి నిలబడి, కొంగు సరిచేసుకుని, అందరికీ వినపడేలాగ అనాల.”

“హిందీలో ఏటంటారు బాబూ, రాజీనామాని? పరువు పోకుండా చెప్పాల గదా.”

“హిందీలో కూడా అదే మాట. అసలది ఆళ్ల మాటే. మనం తెచ్చుకున్నాం.”

“ఈయన హిందీ నమ్మకే,” అంది నీలవేణి గిన్నె కడుగుతూ. “బజార్లో కాకరకాయలడిగితే కరివేపాకు ఇస్తారు.”

“ఆ సచివ్ నోటంటే వచ్చింది కాదేటి ఆ మాట?” అన్నాడు త్రినాథరావు.

“ఆ మాటే అన్నాడు బాబూ. అచ్చంగా అదే.”

“మరింకేటి! అను. మై రాజీనామా దేతీ హూఁ.”

చిన్నమ్మి అంది. ఆయన మళ్లీ అనిపించాడు. చివర ముక్కుతో పలకాలని చెప్పాడు. ఖాళీ కుండలు గంపలో సర్దుకుంటూ కూడా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి.

షెడ్డు గేటు ఎదుట టీ బండి దగ్గర కొడుకు ఎదురొచ్చాడు. చేతులకు గ్రీజు. దూది చెత్తతో ఒక్కొక్క వేలే తుడుచుకుంటున్నాడు. సర్కండాలో అద్దె ఇల్లు, పెళ్లాం, చంటిపిల్ల. తల్లి ఉండే పల్లెకు వాడు వచ్చి చాలా రోజులైంది.

“అమ్మా, సూపర్‌వైజర్ నన్ను పిలిచినాడు. తుమ్హారీ మమ్మీ ఏదో గొడవ చేస్తందంట కదా, అని. అందరి ముందూ.” వాడు తల ఎత్తలేదు. “రాజీనామా ఇచ్చెయ్ అమ్మా. బాత్ ఖతం.”

“ఇచ్చీస్తాన్లేరా.”

“సచ్?”

“నాకేటి పోద్దిరా? ఇచ్చీస్తాను.”

శివాజీ చేతులు తుడుచుకోవడం ఆపాడు. దీనికోసం చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చినట్టున్నాడు. అవన్నీ మిగిలిపోయాయి. “నాకు తెల్సు అమ్మా, నీకు మనసొప్పదు. దుకాలూ చాచా నాకు ఈత నేర్పినాడు. లేకిన్ క్యా కరేఁ?” టీ గ్లాసు ఆమె చేతికిచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఒక్క వార్డు మెంబరు కుర్చీ కోసం వీడింత బాధపడతాడేమిటని చిన్నమ్మి ఆశ్చర్యపోయింది. కొడుకు మనసు మెత్తనిదే, తనే ఇన్నాళ్లూ తెలుసుకోలేదనుకుంది. టీ తాగుతూ వాడి వీపు మీద చెమట మరకను చూసింది.

*

మర్నాడు మైకు పాట అందుకోగానే ఫుల్‌బాసన్ గోడ దగ్గరికి వచ్చింది. చేతులకు పేడ అలాగే ఉంది. పిడకలు కొడుతూ వచ్చింది.

“చూశావా? ఎలా ఉన్నాడు?” అంది చిన్నమ్మి. ఫుల్‌బాసన్‌తో ఆమె మాట్లాడేది ఆ ఊరి ఛత్తీస్‌గఢీలోనే.

“కూచోలేకపోతున్నాడు. నిలబడే తిన్నాడు.” ఫుల్‌బాసన్ గోడ మీదికి వంగింది. “నీకు కబురు చెప్పమన్నాడు. రాజీనామా ఝన్ దేబే దాయీ. ఇవ్వొద్దన్నాడమ్మా. నేను లోపలే ఉంటాను, ఎన్నాళ్లుంచుతారో ఉంచనీ, చిన్మీ దాయీ మాత్రం రాజీనామా ఇవ్వకూడదన్నాడు.”

చిన్నమ్మి గోడకు ఇంకా దగ్గరగా జరిగింది. తన కుర్చీ ఉండాలని దెబ్బల ఒంటితో ఒక మనిషి లోపల ఉంటానంటున్నాడు. అయినవాళ్లే ఇంత అనరు.

“పిచ్చివాడు. ముందు ఇంటికి రావాలి. అదొక్కటే నాకు కావలసింది.”

“రావాలి దాయీ. నాకు మాత్రం అక్కర్లేదా?” ఫుల్‌బాసన్ కళ్లు తుడుచుకోబోయి, పేడ చేతులు చూసుకుని ఆగింది. “వచ్చి ఏం చేస్తాడు? అది చెప్పు. వచ్చి ఎక్కడికి పోతాడు?”

ఊళ్లో మళ్లీ ఎవరైనా మీద పడితే అడిగే పంచ్ ఎవరున్నారని ఆమె బాధ కాబోలనుకుంది చిన్నమ్మి. “నేనెక్కడికీ పోను. గోడ ఇవతలే ఉంటాను” అనబోయింది. మైకు ఆగిపోయింది.

ఇద్దరూ ఒక్కసారే వంగారు. చిన్నమ్మి చీపురు అందుకుంది. గోడ మీద ఫుల్‌బాసన్ చెయ్యి మాత్రం కాసేపు అలాగే ఉంది. వేళ్ల మీద పేడ ఎండి పొడిపొడిగా రాలుతోంది.

*

గ్రామసభ బడి వరండాలో జరిగింది. పెద్దాయన ఫోటో గోడకు ఆనించి, ఇంకా పెద్దది ఒకటి గేటుకు కట్టారు. పోలీసు జీపు నీడ చూసుకుని ఆగింది. రానివాళ్ల పేర్లు రాసుకుంటామని పొద్దున మైకులో చెప్పారు కాబట్టి ఊరంతా వచ్చింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు జంపఖానా మీద కూచుని, అందరూ నేల వంకే చూస్తున్నారు.

చిన్నమ్మి పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. మడతలు ఇంకా పోలేదు.

“వార్డు పంచ్ చిన్మీ బాయి ఒక మాట చెప్పాలనుకుంటున్నారు” అన్నాడు సచివ్. జేబులో ఉండే మొబైలు ఇప్పుడు చేతిలోకి వచ్చింది.

ఆమె లేచింది. కొంగు సరిచేసుకుంది. గొణగకుండా, అందరికీ వినపడేలా అంది.

“మై రాజీనామా దేతీ హూఁ.”

పై నుంచి వచ్చిన సాహెబ్ కళ్లజోడు సవరించుకున్నాడు. “ఎవరి ఒత్తిడీ లేదు కదా?”

ఇది త్రినాథరావు నేర్పలేదు. లేదంటే అబద్ధం. ఉందంటే దుకాలూ రాడు. అయినా బెదిరి దిగినదానిలా ఎందుకు కనపడాలి? కుర్చీ తనే వదిలేసినట్టుండాలి.

“ఎవరి జబర్దస్తీ లేదు. నా మనసుతోనే ఇస్తున్నాను. దుకాలూని ఇంటికి పంపండి.”

సాహెబ్ మొదట చప్పట్లు కొట్టాడు. తర్వాత సచివ్. తర్వాత, కొట్టాలని తెలిసి, అందరూ. ఆ చప్పట్ల మధ్య ఫుల్‌బాసన్ లేచింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, జంపఖానా మీద కూచున్నవాళ్ల మోకాళ్లు దాటుకుంటూ బయటికి వెళ్లిపోయింది. మొగుడికి ఎదురు వెళ్తోందనుకుంది చిన్నమ్మి.

చూపించిన చోట సంతకం పెట్టింది. తనకు చదవరాని హిందీ అక్షరాల కింద తన పేరు ఈసారి వంకర పోకుండా వచ్చింది. బంతిపూల దండ వేశారు. దిగిపోయేవాళ్లకు దండ ఎందుకా అనిపించింది గాని, సమితిలో కూడా మానేసేవాళ్లకు శాలువా కప్పుతారు కదా అని సర్దుకుంది.

*

చీకటి పడేముందు దుకాలూ వచ్చాడు. జీపు ఊరి బయటే దింపేసింది. కుంటుకుంటూ నడిచి వచ్చాడు.

చిన్నమ్మి చిన్న కుండలో పెరుగు పట్టుకుని వెళ్లింది. అతను గడప మీద ఒక పక్కకు ఒరిగి కూచున్నాడు. ఫుల్‌బాసన్ ఇటుక కాచి గుడ్డలో చుట్టి వీపుకు కాపడం పెడుతోంది. ఎవరూ రమ్మనలేదు. చిన్నమ్మి కుండ దించింది.

“పెరుగు వద్దు, పంచ్ మేడమ్” అంది ఫుల్‌బాసన్.

“మేడమ్ ఏంటే? నేనింక పంచ్‌ని కూడా కాదు. ఇచ్చేశాను కదా రాజీనామా, నీ ముందే.”

ఇటుక పట్టుకున్న చెయ్యి ఆగింది. దుకాలూ మెల్లగా తల తిప్పి చూశాడు.

“పంచ్‌వి కావా? ఇస్తీఫా కూడా ఇచ్చావా దాయీ? ఎప్పుడు?”

“ఇస్తీఫా ఏంటి?”

“కుర్చీ వదిలెయ్యడం. అది ఇస్తీఫా.”

“అదే కదా నేను ఇచ్చింది.”

“సభలో నువ్విచ్చింది రాజీనామా.” అతను చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పాడు. “అంటే రాజీ పడ్డానని. మాకు మాకు ఏ తగువూ లేదని. అర్జీ వెనక్కి తీసుకున్నాను, బీడు తీసుకోండి అని. ఆ మాట అంటేనే నన్ను వదిలారు.”

చిన్నమ్మి ఆ మాటను నోట్లోనే రెండుగా విరిచి చూసుకుంది. రాజీ. నామా. రాజీ తెలుగులో కూడా ఉంది. పొలం గట్ల దగ్గర, మొగుడూ పెళ్లాల మధ్య, ఊరూరా ఉంది. ఇన్నేళ్లుగా ఆ మాటలో అది అలాగే కూచుని ఉంది, ఆమె కంటికి ఆనలేదు. టీ బండి దగ్గర అటు తిరిగి నిలబడిన కొడుకు వీపు గుర్తొచ్చింది.

“మాలో... మా తెలుగులో రాజీనామా అంటే కుర్చీ దిగడం” అంది. “ఒట్టు. మావాళ్లందరూ అలాగే అంటారు.”

దుకాలూ నవ్వాడు. పక్కటెముకలు పట్టుకుని మధ్యలోనే ఆపుకున్నాడు.

“నువ్వు అబద్ధమాడవు దాయీ. నాకు తెలుసు.” ఇంకో పక్కకు ఒరిగి మళ్లీ అన్నాడు, “కానీ ఊరంతా విన్నది హిందీలో.”

ఫుల్‌బాసన్ ఇటుకను మళ్లీ నిప్పుల్లో పెట్టడానికి లోపలికి వెళ్లింది. తిరిగి రాలేదు. చిన్నమ్మి కుండ అక్కడే వదిలేసి వచ్చింది.

*

పొద్దున మైకు వెయ్యడానికి వచ్చిన సచివ్‌ను మెట్ల మీదే పట్టుకుంది.

“నేనన్నది అది కాదు. మా భాషలో ఆ మాటకు అర్థం వేరు. అర్జీ ఉంచండి. నేను ఇచ్చేది ఇస్తీఫా.”

సచివ్ ఓపిగ్గా విన్నాడు. కోపం కూడా రాలేదు. “బాయీ, వీడియో ఉంది. ఎవరి జబర్దస్తీ లేదని నువ్వే అన్నావు. నేను అడిగించానా?” తాళం తీశాడు. “ఇస్తీఫా ఎందుకు? ఇలాంటి పంచ్‌ని ఎవరైనా వదులుకుంటారా? పద, పూజ వేళవుతోంది. చరాగాన్ నీ వార్డులోదే కదా, కొబ్బరికాయ నీ చేత్తోనే కొట్టాలి.”

“నేను కొట్టను.”

“సరే.” అతను మొబైలు తీసి ఏదో వెతుకుతున్నట్టు చేశాడు. “శివాజీకి ఇవాళ ఏ డ్యూటీ? పగటిదా?”

మిషను మీది టార్పాలిన్ తీసేశారు. దాని ఇనుప మూతికి బంతిపూల దండ కట్టి, కుంకుమ బొట్టు పెట్టారు. బీడులో గడ్డి మోకాలెత్తుంది. కొన్నాళ్లుగా ఏ గొడ్డూ మూతి పెట్టని గడ్డి. ఊళ్లోంచి, గుంజల దగ్గర్నుంచి అరుపులు ఇక్కడికి వినపడుతున్నాయి. కొబ్బరికాయ చేతికిచ్చారు. ఎవరో వెనక నుంచి ఆమె మోచేతిని కాస్త ముందుకు తోశారు. రాయి మీద ఒక్క దెబ్బకే పగిలింది. నీళ్లు ఆమె పాదాల మీద పడ్డాయి. మిషను కదిలింది.

ఆమె వీధిలోకి వచ్చేసరికి మైకు ఇంకా మోగుతోంది. పాట అయిపోయి పెద్దాయన గొంతు వస్తోంది. గోడల వెనక ఆడవాళ్ల మాటలు తుమ్మెదల్లా గుయ్యిమంటున్నాయి. చిన్నమ్మి నడిచి వస్తుంటే ఒక్కో గోడ వెనకా ఆ రొద ఆగిపోతూ వచ్చింది. ఆమె దాటాక మళ్లీ మొదలైంది.

పెరట్లోకి వెళ్లి గోడ దగ్గర నిలబడింది. నిన్నటి పెరుగు కుండ, మూతికి కట్టిన గుడ్డ విప్పకుండా, గోడ మీద పెట్టి ఉంది. అవతల తడి పేడ గోడకు కొట్టిన చప్పుడు, మళ్లీ ఒకటి.

“ఫుల్‌బాసన్” అని పిలిచింది.

చప్పుడు ఆగింది. మైకు మోగుతూనే ఉంది. ఎవరేం మాట్లాడినా బయటికి వినపడని సమయం. చిన్నమ్మి కుండ పక్కన చెయ్యి ఆనించి, మైకు ఆగిపోయేదాకా అక్కడే నిలబడింది.